తెర నుండి కాగితానికి

శిలపై చెక్కిన అక్షరం ఆ శిలతోపాటే ఉంటుంది. తాటాకుపై గంటంతో గీసిన అక్షరం ఆ ఆకు నిలిచినంత కాలం నిలుస్తుంది. కాగితంపై సిరాతో రాసినదీ అంతే. వీటన్నింటిలోను అక్షరానికీ, అది నిలిచిన చోటుకూ విడదీయరాని బంధం ఉంది. కంప్యూటరులో ఆ బంధం విడిపోయింది. యంత్రం లోపల అక్షరానికి రూపం లేదు, చోటు లేదు. ఉన్నది ఒక సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య తెరపై ఒకసారి రూపం ధరిస్తుంది. కాగితంపై ముద్రించినప్పుడు మళ్ళీ కొత్తగా రూపం ధరిస్తుంది.

ఈ రెండు రూపాలూ ఒకటేనని సామాన్యంగా అందరూ భావిస్తారు. కాని తెరపై చక్కగా కనిపించిన పాఠం కాగితం మీదకు వచ్చేసరికి పంక్తుల కొసలు తెగిపోవచ్చు. ఒక పుటలో ఇమడవలసిన విషయం రెండో పుటకు పాకవచ్చు. తెలుగు అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించవచ్చు. కంప్యూటరు ప్రయోగశాలలో రికార్డు సిద్ధం చేసుకొనే విద్యార్థులలో ఎందరికో ఇవి అనుభవంలో ఉన్న విషయాలే. ఇవి సంభవించినప్పుడు చాలామంది ప్రింటరును నిందిస్తారు. నిజానికి లోపం చాలాసార్లు ప్రింటరుది కాదు. రాసిన పాఠానికీ ముద్రితమైన పుటకూ మధ్య జరుగవలసిన నిర్ణయాలు కొన్ని ఉన్నాయి. వాటిని రాసినవారు చేయకపోతే యంత్రమే తనకు తోచినట్లు చేస్తుంది. ఆ నిర్ణయాలు ఏమిటో, అవి ఎలా ఏర్పడ్డాయో తెలుసుకోవడం అవసరం.

ఫైలులో ఉన్నదేమిటి?

పాఠాన్ని రాయడానికి, దిద్దడానికి ఉపకరించే సాధనాన్ని టెక్స్ట్ ఎడిటర్ అంటారు. విండోస్‌లోని నోట్‌ప్యాడ్, యూనిక్స్ కుటుంబానికి చెందిన యంత్రాలలో వాడే విమ్, ఈమాక్స్ మొదలైనవి ఇటువంటివి. వీటికీ, ఉత్తరాలు, పుస్తకాలు తయారుచేసే వర్డ్ ప్రాసెసరుకూ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. వర్డ్ ప్రాసెసరు తయారుచేసే ఫైలులో అక్షరాలతోపాటు వాటి పరిమాణం, మందం, అంచుల కొలతలు, కాగితం కొలతలు కూడా దాగి ఉంటాయి. టెక్స్ట్ ఎడిటర్ తయారుచేసే ఫైలులో ఇవేవీ ఉండవు. అక్షరాల సంఖ్యలు వరుసగా ఉంటాయి. అంతే.

ఆంగ్ల అక్షరాలకు ఈ సంఖ్యలను నిర్ణయించిన ప్రమాణం పేరు ఆస్కీ. 1963లో రూపొంది, 1967లో సవరింపబడిన ఈ ప్రమాణంలో 0 నుండి 127 వరకు 128 సంఖ్యలు ఉన్నాయి. ఆంగ్ల వర్ణమాలలోని పెద్ద 'ఎ' అక్షరానికి 65 సంఖ్య కేటాయించారు. విశేషమేమంటే ఈ 128లో 33 సంఖ్యలకు అక్షరరూపమే లేదు. అవి యంత్రానికిచ్చే ఆజ్ఞలు. 10 అంటే కాగితాన్ని ఒక పంక్తి మేరకు పైకి జరుపు అని అర్థం. 13 అంటే అచ్చువేసే భాగాన్ని పంక్తి మొదటికి తీసుకొనిరా అని అర్థం. 12 అంటే ఈ పుటను విడిచి కొత్త పుటకు వెళ్ళు అని అర్థం. ఈనాడు కీబోర్డుపై ఎంటర్ మీటను నొక్కే విద్యార్థి తనకు తెలియకుండానే ఆనాటి టైపు యంత్రాలకు ఇచ్చిన ఆజ్ఞను ఫైలులో నిక్షిప్తం చేస్తున్నాడు.

ఈ చిన్న ఆజ్ఞల విషయంలో యంత్రాల మధ్య ఏకాభిప్రాయం లేదు. పంక్తి ముగిసినదని తెలుపడానికి యూనిక్స్ కేవలం 10ని వాడుతుంది. విండోస్ 13, 10 సంఖ్యలు రెండింటినీ జతగా వాడుతుంది. యూనిక్స్ ఫైలును ఏ మార్పూ చేయకుండా పాత ప్రింటరుకు పంపితే కాగితం పైకి జరిగేది గాని, అచ్చువేసే భాగం పంక్తి మొదటికి వచ్చేది కాదు. ఫలితంగా ప్రతి పంక్తీ ముందటి పంక్తి ముగిసిన చోటనే మొదలై, పాఠమంతా మెట్ల వరుసలాగా కుడివైపుకు దిగిపోయేది. నోట్‌ప్యాడులో ఇదే భేదం మరొక విధంగా కనిపించేది. యూనిక్స్ యంత్రంపై రాసిన ఫైలును అందులో తెరిస్తే పంక్తులన్నీ కలిసిపోయి ఒకే పంక్తిగా తోచేవి. 2018లో వచ్చిన మార్పుతో నోట్‌ప్యాడ్ రెండు పద్ధతులనూ గుర్తించడం నేర్చింది.

'ప్రింట్' అన్న మాటకు తొలి అర్థం

ఎడిటరులో ముద్రణకు సంబంధించిన కథ అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకొన్న యూనిక్స్‌తో ముడిపడి ఉంది. 1969లో కెన్ థాంప్సన్ ఆ వ్యవస్థను నిర్మించడం ప్రారంభించినప్పుడు దానికోసం 'ఎడ్' అనే చిన్న ఎడిటరును కూడా రాశాడు. ఆ కాలంలో ఆ యంత్రాల ముందు కూర్చున్నవారికి నేటివంటి తెరలు లేవు. టెలిటైప్ అనే టైపు యంత్రం ఉండేది. మనిషి కొట్టిన అక్షరాలూ, కంప్యూటరు ఇచ్చిన సమాధానాలూ దానిలోని కాగితపు చుట్టపైనే అచ్చయ్యేవి.

అందుచేత 'ఎడ్'లో ఒక పంక్తిని చూడాలంటే 'పి' అనే అక్షరాన్ని ఆజ్ఞగా ఇవ్వాలి. 'పి' అంటే ప్రింట్. చూడడమంటే ముద్రించడమే. కావలసిన పాఠాన్ని ఫైలంతటా వెతికి, అది ఉన్న పంక్తులను ముద్రించే ఆజ్ఞ కూడా 'ఎడ్'లో ఉండేది. ఆ ఆజ్ఞలోని అక్షరాల నుండే 'గ్రెప్' అనే ప్రసిద్ధ సాధనానికి పేరు వచ్చింది. దాని చివర ఉన్న 'పి' కూడా ఈ ప్రింటే. తెరలు వచ్చిన తరువాత చూడడం, ముద్రించడం రెండు వేర్వేరు పనులయ్యాయి. మాట మాత్రం మిగిలిపోయింది. నేటికీ అనేక ప్రోగ్రామింగ్ భాషలలో తెరపై ఒక వాక్యాన్ని చూపించే ఆజ్ఞ పేరు ప్రింట్ అనే ఉంది.

యూనిక్స్ నిలదొక్కుకోవడానికి కూడా ముద్రణే తోడ్పడింది. బెల్ ప్రయోగశాలల్లో పేటెంట్ల విభాగానికి తమ దరఖాస్తులను టైపు చేసి, దిద్ది, ముద్రించుకొనే సాధనం కావలసి వచ్చింది. ఆ దరఖాస్తులలో ప్రతి పుటలోను పంక్తులకు సంఖ్యలు ఉండాలన్నది నియమం. ఆ విభాగం కొనదలచుకొన్న యంత్రానికి ఆ పని సరిగా చేతకాలేదు. జో ఒసానా అనే పరిశోధకుడు ఈ సంగతి తెలుసుకొని, పంక్తిసంఖ్యలతో పుటలను సిద్ధం చేసే బాధ్యతను తమ బృందం పక్షాన స్వీకరించాడు. 1971లో పేటెంట్ల విభాగపు టైపిస్టులు యూనిక్స్‌ను వాడడం ప్రారంభించారు. పుట పక్కన పడే చిన్న అంకెలు ఒక గొప్ప ఆవిష్కరణకు తొలి ఆదరణను సంపాదించిపెట్టాయి.

పుటను నిర్మించడం

టెక్స్ట్ ఫైలులో పుట అనేది లేదని పైన చెప్పిన విషయాల వల్ల గ్రహించవచ్చు. ముద్రించే సమయంలోనే పుటను నిర్మించాలి. ఈ పనికోసం యూనిక్స్‌లో 'పీఆర్' అనే సాధనాన్ని చేర్చారు. 1971 నవంబరు నాటి మొదటి యూనిక్స్ కరదీపికలోనే దాని వర్ణన ఉంది. ఫైలును పుటలుగా విభజించి, ప్రతి పుట నెత్తిన ఫైలు పేరు, తేదీ, పుటసంఖ్య వేయడం దాని పని.

ఇందులోని లెక్క సులభమైనది. ఆనాటి కాగితం పొడవు 11 అంగుళాలు. అంగుళానికి 6 పంక్తుల చొప్పున 66 పంక్తులు పడతాయి. పైన 5, కింద 5 పంక్తులు విడిచిపెడితే పాఠానికి 56 పంక్తులు మిగులుతాయి. నేటికీ 'పీఆర్' వేరే ఆజ్ఞ లేనప్పుడు పాటించే లెక్క ఇదే. భారతదేశంలో వాడుకలో ఉన్న ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే 11 అంగుళాల కంటె సుమారు 18 మిల్లీమీటర్లు ఎక్కువ. వెడల్పు 210 మిల్లీమీటర్లు. అమెరికా కాగితం వెడల్పు సుమారు 216 మిల్లీమీటర్లు. కాబట్టి అమెరికా కొలతలకు సరిపెట్టిన పుటను ఏ4 కాగితంపై ముద్రిస్తే పక్క అంచులు తెగిపోయే అవకాశం ఉంది. ముద్రణకు ముందు కాగితం కొలతను సరిచూసుకోవాలని చెప్పడంలో ఆంతర్యం ఇదే.

పుట కంటె పంక్తి మరింత చిక్కైనది. తెరపై పొడవైన పంక్తి కుడివైపుకు సాగిపోతుంది, లేదా మడతపడి కింది వరుసలోకి వస్తుంది. కాగితానికి కుడివైపు సాగే వీలు లేదు. అందుచేత పంక్తిని మడవాలి, లేదా కోసివేయాలి. వ్యాసంలో పంక్తి మడతపడితే పెద్ద నష్టం లేదు. ప్రోగ్రాములో అది అర్థాన్నే తారుమారు చేయగలదు. పైథాన్ వంటి భాషలో పంక్తి ఎడమవైపు విడిచిన ఖాళీకి కూడా అర్థం ఉంది. మడతపడిన పంక్తి కొత్త పంక్తిలాగా కనిపిస్తే చదివేవారు పొరబడతారు. ముద్రణలో పంక్తిసంఖ్యలు వేయించుకొంటే ఈ చిక్కు తీరుతుంది. సంఖ్య లేని వరుస పైపంక్తికి కొనసాగింపు అని వెంటనే తెలుస్తుంది. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ ఎడిటరు ముద్రణలో ఈ సదుపాయం తరువాతి కాలంలో చేరింది.

పుట నెత్తిన ఏమి ఉండాలన్నది మరొక నిర్ణయం. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్‌లో ముద్రణకు వేర్వేరు ఆజ్ఞలు ఉన్నాయి. ఒకటి ఫైలు పేరును, పుటసంఖ్యను వేసి ముద్రిస్తుంది. ఇంకొకటి పాఠాన్ని మాత్రమే ముద్రిస్తుంది. నోట్‌ప్యాడ్ కూడా మార్పు కోరనంతవరకు పుట పైన ఫైలు పేరును, కింద పుటసంఖ్యను వేస్తుంది. గుమాస్తాకు ఇచ్చే దరఖాస్తుపై ఫైలు పేరు పడితే అసహ్యంగా ఉంటుంది. నలభై పుటల ప్రోగ్రాముపై అది పడకపోతే, పుటలు కలగలిసిన నాడు వాటిని సరిచేయడం ఎవరి వల్లా కాదు. ఏది కావాలన్నది సందర్భాన్ని బట్టి మనిషి నిర్ణయించవలసిందే.

ముద్రితమయ్యేది ఏ పాఠం?

ఎడిటరులోపలి నుండి ముద్రించడానికీ, ఫైలును బయటి నుండి ముద్రించడానికీ ఒక సూక్ష్మభేదం ఉంది. ఎడిటరు ఫైలును తెరిచినప్పుడు అందులోని పాఠానికి ఒక ప్రతిని జ్ఞాపకశక్తి భాగంలోకి తెచ్చుకొంటుంది. దిద్దుబాట్లన్నీ ఆ ప్రతిలోనే జరుగుతాయి. భద్రపరచమని ఆజ్ఞ ఇచ్చే వరకు డిస్కుపై ఉన్న ఫైలు పాతదిగానే ఉంటుంది. ఎడిటరులోపలి నుండి ముద్రిస్తే కాగితంపైకి వచ్చేది ఈ కొత్త ప్రతి. బయటి నుండి ముద్రిస్తే వచ్చేది డిస్కుపై ఉన్న పాత పాఠం.

దీని పరిణామం చిన్నది కాదు. ఒక విద్యార్థి ప్రోగ్రామును దిద్ది, భద్రపరచకుండానే ముద్రించి, ఆ తరువాత ఎడిటరును మూసివేశాడని అనుకొందాం. అతని చేతిలోని కాగితంపై దిద్దుబాట్లు ఉన్నాయి. ఫైలులో అవి లేవు. కాగితం నెత్తిన ఉన్న పేరు మాత్రం ఆ ఫైలుదే. రికార్డులో ఒకటి, యంత్రంలో మరొకటి ఉన్నాయి. పరీక్షకుడు ఆ ప్రోగ్రామును నడిపించమని అడిగిన రోజున గాని ఈ భేదం బయటపడదు. కాబట్టి ముందు భద్రపరచి, ఆ తరువాత ముద్రించాలన్నది ఎడిటరును వాడేవారికి మొదటి సూత్రం.

ముద్రణకు ఆజ్ఞ ఇచ్చిన వెంటనే పాఠం ప్రింటరుకు చేరుతుందని అనుకోవడం కూడా సరికాదు. 1963లో వచ్చిన టెలిటైప్ 33 రకం యంత్రం సెకనుకు 10 అక్షరాలు అచ్చువేసేది. పంక్తికి 60 అక్షరాల చొప్పున 56 పంక్తుల పుట పూర్తి కావడానికి దానికి ఐదున్నర నిమిషాలకు పైగా పట్టేది. అంతసేపు కంప్యూటరు ఖాళీగా ఎదురుచూడడం వృథా. అందుకే ముద్రించవలసిన పాఠాలను ముందు డిస్కుపై వరుసలో నిలిపి, ఒకదాని తరువాత ఒకటిగా ప్రింటరుకు పంపే పద్ధతి ఏర్పడింది. దీనినే స్పూలింగ్ అంటారు. నేడు లినక్స్ యంత్రాలలోను, ఆపిల్ యంత్రాలలోను ఈ పనిని కప్స్ అనే వ్యవస్థ నిర్వహిస్తున్నది. కాగితం రాలేదని ముద్రణ మీటను పదేపదే నొక్కేవారు వరుసలో పది ప్రతులను చేరుస్తున్నారే గాని పనిని వేగవంతం చేయడంలేదు.

అక్షరం చుక్కలుగా మారడం

తొలినాటి ప్రింటర్లలో అక్షరాల అచ్చులు లోహంతో చేసి ఉండేవి. 65 అనే సంఖ్య వస్తే పెద్ద 'ఎ' అచ్చు కాగితాన్ని తాకేది. ఐ.బి.ఎం. సంస్థ 1959లో ప్రవేశపెట్టిన 1403 రకం ప్రింటరు ఇటువంటి అచ్చులను గొలుసుగా కూర్చి, అతివేగంగా తిప్పుతూ, నిమిషానికి 600 పంక్తులు ముద్రించేది. వేగం ఎంత ఉన్నా గొలుసులో లేని అక్షరాన్ని అది ముద్రించలేదు. తెలుగు వంటి లిపికి అందులో చోటు లేదు.

ఈ పరిమితిని తొలగించినది లేజర్ ప్రింటరు. జిరాక్స్ సంస్థలో గ్యారీ స్టార్క్‌వెదర్ 1971లో దీనిని రూపొందించాడు. అందులో అచ్చులు లేవు. కాంతిరేఖ పుటనంతటినీ సన్నని చుక్కలుగా గీస్తుంది. ఆ చుక్కలకు నల్లని పొడి అంటుకొని కాగితంపై చిత్రమై నిలుస్తుంది. అక్షరమైనా, బొమ్మ అయినా దానికి ఒకటే. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 పుటను గీయాలంటే అడ్డంగా 2480, నిలువుగా 3508, మొత్తం దాదాపు 87 లక్షల చుక్కలు కావాలి. రెండు వేల అక్షరాలున్న చిన్న ఫైలు, ముద్రణ వేళకు 87 లక్షల చుక్కల చిత్రంగా మారవలసి ఉంటుంది.

పుటపై ఏ అక్షరం, ఏ చోట, ఏ పరిమాణంలో ఉండాలో ప్రింటరుకు వివరించడానికి ప్రత్యేకంగా ఒక భాష అవసరమైంది. జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కి 1982లో స్థాపించిన అడోబ్ సంస్థ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను వెలువరించింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ఈ భాషతోనే మార్కెట్టులోకి వచ్చింది. 1993లో అదే అడోబ్ సంస్థ నుండి పీడీఎఫ్ వెలువడింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది.

తెలుగు అక్షరానికి వచ్చిన చిక్కు

చుక్కలతో ఏ రూపాన్నయినా గీయగల ప్రింటరు వచ్చినంత మాత్రాన తెలుగు ముద్రణ సులభం కాలేదు. ఏ రూపాన్ని గీయాలో ముందు తెలియాలి. ఆంగ్లంలో ఒక సంఖ్యకు ఒక రూపం చాలు. తెలుగులో అలా కాదు. 'శ్రీ' అన్నది చదివేవారి దృష్టిలో ఒక అక్షరం. యంత్రంలో అది నాలుగు సంఖ్యలు: శకారానికి 3126, హల్లు గుర్తుకు 3149, రకారానికి 3120, దీర్ఘమైన ఈకారపు గుడికి 3136. ఈ నాలుగింటినీ కలిపి ఒక రూపంగా తీర్చే పని ఫాంటుది, దానికి తోడ్పడే ప్రోగ్రాముదీ.

ఈ సంఖ్యలు యూనికోడ్ అనే ప్రమాణంలోనివి. 1991లో వెలువడిన ఆ ప్రమాణంలో 3072 నుండి 3199 వరకు 128 స్థానాలను తెలుగుకు కేటాయించారు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పడతాయి. 'ఎడ్' ఎడిటరును రాసిన థాంప్సనే ఈ పద్ధతికి కూడా కారకుడు కావడం విశేషం. దీని ప్రకారం 'తెలుగు' అన్న మాట కంటికి మూడక్షరాలు, సంఖ్యలు ఆరు, బైట్లు పద్దెనిమిది. 80 సంఖ్యల తరువాత పంక్తిని కోసివేయమని పాత ప్రోగ్రాముకు ఆజ్ఞ ఇస్తే అది వత్తుకూ హల్లుకూ మధ్య గూడా కోయగలదు.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు డీటీపీ కేంద్రాలలో వేరొక ఉపాయం ఉండేది. ఆంగ్ల అక్షరాల సంఖ్యల స్థానంలోనే తెలుగు అక్షరాల ముక్కల రూపాలను పెట్టిన ఫాంట్లను వాడేవారు. ఫాంటు ఉన్న యంత్రంలో అవి తెలుగు. ఫాంటు లేని చోట అవే సంఖ్యలు అర్థంలేని ఆంగ్ల అక్షరాలు. ఒక ఫాంటుతో రాసినది మరొక ఫాంటులో చదవడం సాధ్యం కాదు. ఇలా తయారైన పుస్తకాలు కాగితంపై కళకళలాడాయి. ఆ పుస్తకాల ఫైళ్ళు మాత్రం, వాటి ఫాంటు లేనివారికి, తాళంచెవి పోయిన పెట్టెలయ్యాయి.

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు చేరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు కూడా యూనికోడ్ తెలుగుకు చేయూతనిచ్చాయి. అయినా ముద్రణలో జాగ్రత్త అవసరమే. తెలుగు ఫాంటు లేని యంత్రంలో ఫైలును తెరిచి ముద్రిస్తే డబ్బాలే వస్తాయి. ఫైలులోని సంఖ్యలు చెడిపోలేదు. వాటికి రూపమివ్వగల ఫాంటు అక్కడ లేదు. అదే పాఠాన్ని, ఫాంటు ఉన్న యంత్రంలో పీడీఎఫ్‌గా మార్చి, అక్షరరూపాలను అందులోనే పొదిగి తీసుకొనిపోతే ఎక్కడ ముద్రించినా ఒకే విధంగా ఉంటుంది. టెక్స్ట్ ఎడిటర్లు అక్షరాలన్నీ ఒకే వెడల్పు గలవనే భావనతో పుట్టాయి. తెలుగు అక్షరాల వెడల్పులు వేరు. పైగా వత్తులు పంక్తికి కింద వేలాడుతాయి. అందుచేత పంక్తుల నడుమ కొంత ఎక్కువ దూరం విడిచి ముద్రించడం తెలుగుకు మేలు.

కాగితం ఇచ్చిన సాక్ష్యం

యంత్రంలో ఫైలు ఉండగా కాగితంపై ముద్రించడం ఎందుకనే ప్రశ్న రావచ్చు. దీనికి చరిత్రే సమాధానం చెబుతుంది. తొలినాటి యూనిక్స్ మూలపాఠం యంత్రాలలో మిగలలేదు. కాని 1972 జూన్ నాటి ఒక అంతర్గత నివేదికలో, వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం అసెంబ్లీ భాషలో ముద్రితమై ఉంది. 2008లో కొందరు ఔత్సాహికులు ఆ కాగితాల చిత్రాలను సేకరించి, వాటిలోని అక్షరాలను యంత్రం చేత చదివించి, తప్పులను పంక్తి పంక్తికీ దిద్దారు. ఆనాటి పీడీపీ-11 యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముపై ఆ పాఠాన్ని నడిపించారు. ముప్పై ఆరేళ్ళ తరువాత ఆ వ్యవస్థ మళ్ళీ ప్రాణం పోసుకొంది.

1969 జూలైలో మానవులను చంద్రునిపైకి చేర్చిన అపోలో 11 నౌకలోని కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలోనూ ఇదే జరిగింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన మ్యూజియంలో భద్రంగా ఉన్న ముద్రిత ప్రతులను చిత్రాలుగా మార్చి, వాటిని చూసి తిరిగి ఫైళ్ళుగా రాశారు. ఆ ఫైళ్ళలో ఈనాటికీ మూలంలోని పుటసంఖ్యలు కనిపిస్తాయి.

ఈ రెండు సందర్భాలలోను పాఠాన్ని తిరిగి పొందడం ఎందుకు సాధ్యమైంది? పంక్తులు చెక్కుచెదరకుండా ముద్రితమయ్యాయి. పుటలకు వరుస తెలిసింది. ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తించే వీలుంది. పుట నెత్తిన వేసిన ఒక పేరు, ఒక సంఖ్య ఆనాడు అల్పమైన అలంకారంగా తోచి ఉండవచ్చు. దశాబ్దాల తరువాత వచ్చిన పాఠకునికి అవే దారి చూపాయి. తెలుగు డీటీపీ ఫైళ్ళ కథ దీనికి మరో ముఖం. అక్కడ కూడా ఫైలు మూగబోయిన చోట చదవడానికి మిగిలింది ముద్రిత పుటే. కాగితం నిలిచింది కాబట్టి ఫైలు గురించి పట్టించుకోనక్కరలేదని దీని అర్థం కాదు. ఫైలు సార్వత్రిక ప్రమాణంలో ఉండాలి, ముద్రణ సమగ్రంగా ఉండాలి. ఒకటి పోయిన నాడు రెండవది ఆదుకొంటుంది.

ముద్రణకు ముందు

ఈ విషయాలను దృష్టిలో పెట్టుకొన్నవారికి ఎడిటరు నుండి ముద్రించడం కష్టమైన పని కాదు. ముందుగా ఫైలును భద్రపరచాలి. తెలుగు పాఠమైతే అది యూనికోడులో, యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నదో లేదో చూడాలి. కాగితం కొలతగా ఏ4ను ఎంచుకోవాలి. పొడవైన పంక్తులు మడతపడతాయో, తెగిపోతాయో ముద్రణకు ముందు తెరపై చూపే నమూనాలో పరిశీలించాలి. ప్రోగ్రాము అయితే పంక్తిసంఖ్యలను, ఫైలు పేరును, పుటసంఖ్యను వేయించాలి. ఉత్తరమో దరఖాస్తో అయితే వాటిని తొలగించాలి. పుటలు ఎక్కువగా ఉంటే ముందు ఒక పుటను మాత్రమే ముద్రించి చూసుకోవాలి. దీనివల్ల కాగితమూ మిగులుతుంది, కాలమూ మిగులుతుంది.

తాటాకుపై రాసిన లేఖకుడు ఆకుకు రంధ్రం ఎక్కడ వేయాలో, పంక్తి ఎక్కడ ఆపాలో, ఆకు సంఖ్యను ఎక్కడ రాయాలో తానే నిర్ణయించుకొనేవాడు. తన తరువాత ఆ గ్రంథాన్ని విప్పి చదివే మనిషి అతని మనస్సులో ఉండేవాడు. యంత్రం ఆ శ్రమను చాలావరకు తగ్గించింది. చదివే మనిషిని తలచుకోవలసిన బాధ్యతను మాత్రం అది స్వీకరించలేదు. ఆ బాధ్యత నేటికీ రాసినవారిదే.